తొవ్వ పోతది

మా ఇళ్లల్లో గడప దాటేవాళ్లు ఎవరూ "పోతున్న" అనరు. "పోయొస్త" అనాలి. తొందరలో ఎవరి నోటి నుంచైనా మొదటి మాట జారితే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, సరైన మాట అనిపించి పంపుతారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. ఇలాంటివి నమ్మనని నలుగురిలో అంటాను. గడప దగ్గర మాత్రం "పోయొస్త" అనే అంటాను.

ఆ ఆదివారం ఇంకా మసక చీకటి ఉండగా జడ్చర్లలో మా తమ్ముడి ఇంటి ముందు సైకిల్ ఆపి గంట కొట్టాను. రోడ్డు సైకిలుకు గంటేమిటని వాడు నన్ను ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. వాడి సైకిలుకు గంట లేదు, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు. బరువని అన్నీ పీకించేశాడు. బ్రేకులు కూడా పీకించేవాడే, షాపువాడు ఒప్పుకుని ఉండడు. ఆ రోజు కొత్త బూట్లు వేసుకుని బయటికొచ్చాడు. వాటి అడుగున ఒక బిళ్ల ఉంటుంది. అది పెడల్‌లో టక్కున ఇరుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితే తప్ప కాలు బయటికి రాదు. ఆ టక్కు శబ్దం నాకు ఒకటికి రెండుసార్లు వినిపించి, "పోతున్నమే" అని లోపలికి కేకేశాడు.

మరదలు గుమ్మంలోకి వచ్చింది. "ఏమన్నవు?"

"పోయొస్తున్నం అన్న."

"నాకు చెవులున్నయ్. లోపలికి రా."

బూట్లు విప్పడానికి బద్ధకించి, గచ్చు మీద టకటకలాడుతూ లోపలికెళ్లి నీళ్లు తాగొచ్చాడు. ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. "దిగుట్ల ఆయన ముందర మీరుండాలె బావా. యాదున్నదా?"

"యాదున్నదమ్మా" అన్నాను.

ఆ షరతుకు కారణం ఉంది. ఎక్కుడు నాది, దిగుడు వాడిది. గుట్ట ఎక్కేటప్పుడు నేను సణుక్కుంటూ, ఆయాసపడుతూ, ఎలాగో ఒకలా ఎక్కేస్తాను. దిగేటప్పుడు మాత్రం రెండు బ్రేకులూ పట్టుకుని పెళ్లికూతురిలా దిగుతాను. వాడు దిగుట్లో బ్రేకు ముట్టుకోడు. అంతకుముందు ఏడాది దేవరకొండ దగ్గర ఒక మలుపులో కంకర మీద జారి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో కట్టు కట్టించుకుంటూ కూడా, ఆ మలుపును ఇంకోరకంగా తీసుకోవాల్సిందని నాకు వివరించాడు. మరదలు అక్కడే ఉంది. సైకిలు అమ్మేస్తానంది. ఏడ్చింది. చివరికి, దిగుట్లో నేను ముందుండాలి, వాడు నన్ను దాటకూడదు అనే ఒప్పందం మీద సైకిలు ఇంట్లో మిగిలింది. అలా నేను మా తమ్ముడికి బ్రేకునయ్యాను.

రాష్ట్రం వచ్చిన తర్వాత మా దిక్కు ఊరూరికీ తారు పడింది. చిన్నప్పుడు కాళ్లకు ముళ్లు గుచ్చుకుంటూ నడిచిన గుట్టల మీద ఇప్పుడు నల్లటి రోడ్లు మెలికలు తిరుగుతున్నాయి. వాడు మందుల కంపెనీలో పని చేస్తాడు. షిఫ్టు లేని ప్రతి ఆదివారం ఏదో ఒక రోడ్డు పట్టుకుని పోదామంటాడు. ఆ రోజు వాడు ఎంచుకున్నది మా నాయిన తొవ్వ.

మా నాయిన గొర్రెలు కాసేవాడు. మాది దేవరకొండ అవతల చిన్న పల్లె. ఎండాకాలం గడ్డి మాడిపోగానే మందను తోలుకుని కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు నడిచేవాడు. ఒకటి రెండు సార్లు తమ్ముణ్ని కూడా గొంగట్లో చుట్టి భుజాన వేసుకుపోయాడు. వాడికేమీ గుర్తు లేదు. నాయిన చెప్పిన మాటలే గుర్తు. కొల్లాపూర్ ఇంకొంత దూరం ఉందనగా ఒక గుట్ట వస్తుందట. దాని నెత్తి మీదికి చేరగానే గొర్రెలకు నీళ్ల వాసన తగులుతుందట. ఇక ఆ దిగుట్లో మందను ఆపడం ఎవరి వల్లా కాదట. నాయిన పోయాక ఆ గుట్ట ఏదో కనుక్కోవాలని వాడికి పట్టుకుంది. ఫోన్లో మ్యాపు ముందేసుకుని వారాల తరబడి వెతికి, ఒక సన్నటి గీత మీద వేలు పెట్టి, "గిదే అన్నా" అన్నాడు. గీత గుట్ట ఎక్కి, అటువైపు మెలికలు తిరిగి దిగి, ఒక ఊరు దాటి కొల్లాపూర్ రోడ్డులో కలుస్తోంది.

పొద్దు బాగా పైకొచ్చేసరికి పెద్ద రోడ్డు వదిలి ఆ గీత మీదికి మళ్లాం. మళ్లిన చోటే రోడ్డుకు అడ్డంగా ఎర్రమట్టి కుప్ప పోసి ఉంది. ట్రాక్టర్లు పక్క నుంచి తిరిగి తిరిగి దారి చేసుకున్నాయి. రోడ్డు పనేదో జరుగుతోందనుకున్నాం. తమ్ముడైతే సంబరపడ్డాడు. "లారీలు రావన్నా. రోడ్డంత మనదే."

నిజంగానే మాదే. బస్సు లేదు, ఆటో లేదు, బండి మీద పాలక్యాను కట్టుకుని పోయే మనిషి లేడు. సైకిలు తొక్కేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మొదట్లో నాకూ హాయిగానే ఉంది. కాసేపటికి కరెంటు స్తంభాలు కనిపించాయి. స్తంభాలున్నాయి గానీ వైర్లు లేవు. పక్కన మెట్ట చెలకల్లో చెట్లు మొదలు దాకా నరికేసి ఉన్నాయి. ఒక బస్టాపు వచ్చింది. అందులో ఎవరో విడిచిపెట్టిన చీపురు, పగిలిన కుండ. ఆ తర్వాత రోడ్డు వారగా నాలుగైదు ఇళ్లు. గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు రాసి ఉన్నాయి. తలుపులు లేవు, దర్వాజలు కూడా గోడలోంచి పెళ్లగించుకుపోయారు. ఇల్లు వదిలి వలసపోయేవాడు తాళం వేస్తాడు. దర్వాజ పీక్కుపోడు.

"తమ్మీ, గీడ మనుషులు లేరురా."

"ఎండకు లోపలున్నరేమో."

"కుక్క సుత లేదు."

"కుక్క లేకుంటె మంచిదే గదన్నా, ఎంటబడదు."

వాడి సమాధానం న్యాయంగానే ఉంది. ఆ న్యాయం నాకు నచ్చలేదు. ఊరన్నాక సైకిలు చూసి ఒక కుక్కైనా మొరగాలి. వెనక్కి తిరుగుదామని నోటి దాకా వచ్చింది. వాడి ముఖం చూస్తే నాయిన భుజం మీద కూర్చున్నవాడిలా వెలిగిపోతోంది. ఊరుకున్నాను. ఎక్కుడు మొదలైంది.

గుట్ట పొడుగుంది. ఎండ వీపు మీద కూర్చుంది. చివరి మలుపులో గేరు మార్చబోతే నా చైను ఊడింది. దిగి, సైకిలు తలకిందులు చేసి, చేతులు నల్లగా చేసుకుంటూ కూర్చున్నాను. తమ్ముడు నాకన్నా కొంచెం పైన, సరిగ్గా గుట్ట నెత్తి మీద ఆగాడు. అక్కడ ఒక బండ మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. చుట్టూ మేకలు. వాటిలో ఒకదానికి ఒంటి నిండా నలుపు, చెవులు మాత్రం తెలుపు. అవ్వ చేతిలో కొమ్మలు వంచడానికి వాడే పొడుగాటి కట్టె, చివర కొక్కెం.

వాడు అడిగిన మాట నాకు స్పష్టంగా వినిపించింది. "అవ్వా, గీ తొవ్వ పోతదా?"

"పోతది బిడ్డా" అంది అవ్వ. "పోతది, పోతది."

టక్కుమని బూటు పెడల్‌లో ఇరుక్కున్న శబ్దం. "ఆగురా, నేనొస్తున్న" అన్నాను. "నువ్వు మెల్లగ రా అన్నా, కింద నిలబడుత" అన్నాడు. వాడు గుట్ట నెత్తి దాటి అవతలికి వాలిపోయాడు. నేను తిట్టుకున్నాను. మరదలికి చెప్పే మాట కూడా మనసులో తయారు చేసుకున్నాను, వాడు ముందుపోలేదని.

చైను ఎక్కించి సైకిలు నెట్టుకుంటూ అవ్వ దగ్గరికి వచ్చాను. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది, నాతోనో మేకలతోనో.

"నిరుడు చెలకలు పోయినయ్. మొన్నటి వానకు ఇండ్లు పోయినయ్. ఇగ గీ తొవ్వ గూడ మొత్తం పోతదంటున్నరు."

"ఊఁ" అన్నాను, చేతులు గడ్డికి తుడుచుకుంటూ. పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే ఊఁ కొట్టడం అలవాటు. తుడుచుకుంటూ తుడుచుకుంటూ నా చేతులు ఆగిపోయాయి.

"పోతది అంటే, అవ్వా?"

"నీళ్లల్ల పోతది బిడ్డా. కిందికెల్లి పోనే పోయింది. ప్రాజెక్టు నీళ్లు."

"మరి మావోనికి చెప్పకపోతివి?"

"చెప్పిన గద, పోతదని. మీరు నీళ్లు చూడనీకి వచ్చినరనుకున్న. దినాం వస్తరు, ఫోటోలకు."

ఆమెది తప్పు కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఆ మాటే అంటాను. కోస్తా నుంచి వచ్చినవాడెవడైనా "ఈ దారి కొల్లాపూర్ వెళ్తుందా అండీ" అని అడిగి ఉంటే, "యాడికీ, నీళ్లున్నయ్" అనేది. మేము మా భాషలో అడిగాం. ఆమె మా భాషలోనే జవాబిచ్చింది. రోడ్డు ఊరికి పోయినా పోతుంది, నీళ్లలో పోయినా పోతుంది. మాకు రెండింటికీ ఒకటే మాట.

పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు అవతలికి చూశాను. కింద మెరుస్తున్నది నది అనుకోవడానికి వీల్లేదు, అంత దగ్గరగా ఉంది. మెలికలు తిరుగుతూ దిగిన రోడ్డు, ఎత్తుగా మట్టి పోసిన కట్ట మీదుగా తిన్నగా వెళ్లి ఆ మెరుపులో కలిసిపోయింది. తమ్ముడు కనిపించలేదు.

నాకు భయమేసింది. అరిచాను, గాలికి నా అరుపు నాకే వినిపించలేదు. సైకిలెక్కి బ్రేకు ముట్టుకోకుండా దిగాను. జన్మలో మొదటిసారి. బొటనవేలితో గంట కొడుతూనే ఉన్నాను. వాడు వింటాడని, విని నవ్వడానికైనా ఒక్కసారి ఆగుతాడని. మలుపు మలుపుకీ దేవుణ్ని తలుచుకున్నాను. నాయిన్ని కూడా తలుచుకున్నాను. ఎందుకు చెప్పావు ఈ తొవ్వ గురించి, ఎంత మొత్తుకున్నా గొర్రెలు ఆగవని తెలిసీ ఎందుకు చెప్పావు అని తిట్టాను.

ఆఖరి మలుపు తిరిగేసరికి నీళ్లు. పొద్దు ఎదురుగా ఉంది. రోడ్డుకీ నీళ్లకీ తేడా తెలియడం లేదు, అంతా ఒకటే మెరుపు. బ్రేకులు రెండూ నొక్కి, పడి, మోకాళ్లు గీరుకుని లేచాను. నా ముందు నీళ్ల మీద వలయాలు ఇంకా కదులుతున్నాయి. వాడి నీళ్ల సీసా తేలుతోంది. వాడు లేడు.

మా దిక్కు చెరువులే ఎండిపోయే నేల. మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. నడుము లోతు దాకా దిగాను. ఆపైన కాలికింద రోడ్డు తప్పి జర్రున జారింది. వెనక్కి పడ్డాను. "తమ్మీ" అని అరిచాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలియలేదు.

గుట్ట మీది నుంచి, మేకలు నడిచే అడ్డబాట వెంట, అవ్వ దిగొస్తోంది. దూరం నుంచే అడిగింది.

"పోయిండా?"

అదే మాట. రోడ్డు గురించి చెప్పిన మాటే. పోలేదు అనడానికి వాడు కనబడాలి కదా.

అప్పుడు దగ్గు వినిపించింది. కట్ట పక్కన మునిగిన తుమ్మచెట్టు నెత్తి ఒకటి నీళ్ల పైకి ఉంది. ఆ కొమ్మలో వాడి ముఖం, వాడి రెండు చేతులు. ముళ్లన్నీ అరచేతుల్లో దిగి రక్తం కారుతున్నా వదల్లేదు. ఒక కాలి బూటు ఊడొచ్చింది. రెండో కాలు ఇంకా పెడల్‌లోనే ఉంది. సైకిలు కింద వేలాడుతూ వాణ్ని లోపలికి గుంజుతోంది. ముఖం మునుగుతోంది, తేలుతోంది.

"ఉన్నడవ్వా! ఉన్నడు!"

అవ్వ నీళ్లలోకి నేరుగా నడిచింది. ఆమె ఊరి రోడ్డు అది, ఎక్కడ కట్ట ఆగుతుందో కాళ్లకు తెలుసు. "గీడ నిలబడు. గాడికి పోకు, గాడ లేదు" అని నన్ను తన వెనక నిలబెట్టి, కట్టె నా చేతికిచ్చి, నా నడుం పట్టుకుంది. కొక్కేన్ని వాడి చొక్కా భుజంలో తగిలించాను. లాగాను. చొక్కా చిరిగింది. మళ్లీ తగిలించాను, ఈసారి చంక కింద. "మడమ తిప్పురా, మడమ" అని అరుస్తూనే ఉన్నాను. తిప్పాడు. సైకిలు కిందికి పోయింది. మనిషి పైకొచ్చాడు.

వాణ్ని రోడ్డు మీద పడుకోబెట్టి, పక్కకు తిప్పితే, చాలాసేపు నీళ్లు కక్కాడు. కళ్లు తెరిచి ముందుగా అన్నది ఇది. "గంట వినవడ్డదన్నా. అందుకే ఇడువలే." తర్వాత అవ్వను చూశాడు. "పోతదన్నవు గదనే అవ్వా."

"పోయింది గద బిడ్డా" అంది అవ్వ. తన తడిసిన కొంగు పిండి వాడి ముఖం తుడిచింది.

నీళ్లు చూడడానికి వచ్చినవాళ్ల జీపులో తీసుకెళ్తే కొల్లాపూర్ దవాఖానలో వాణ్ని చేర్చుకున్నారు. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయన్నారు. తర్వాత జ్వరం వచ్చింది. మరదలు వచ్చి మంచం పక్కన కూర్చుని వాడి అరచేతుల్లోంచి విరిగిన ముళ్లు సూదితో తీసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నేను ఎదురుచూశాను. జ్వరం తగ్గిన రోజు మాత్రం అడిగింది. "గా అవ్వకు ఏమిచ్చిండ్రు?" ఏమీ ఇవ్వలేదు. పేరైనా అడగలేదు. "ప్రాణం తీసుకొచ్చి ఇచ్చిన మనిషికి చీర పెట్టకుండ వస్తరా?" అంది. మా ఇంటి ఆడబిడ్డకు పెట్టినట్టు జరీ అంచు చీర, జాకెట్టు గుడ్డ తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి కవర్లో చుట్టింది.

వాడు కోలుకుని మళ్లీ సైకిలెక్కడానికి వానాకాలం దాటింది. పాత సైకిలొకటి తెచ్చుకున్నాడు, మామూలు పెడల్స్‌ది. కాళ్లకు చెప్పులు. గంట వాడే కొనుక్కుని బిగించుకున్నాడు. చీర నా హ్యాండిల్‌కు కట్టుకున్నాం. మట్టికుప్ప దగ్గర ఇప్పుడు ముళ్లకంప కూడా వేశారు. దిగి, సైకిళ్లు ఎత్తుకుని దాటాం. నంబర్లు రాసిన ఇళ్లలో గోడలు కూలాయి. ఇద్దరం గుట్ట ఎక్కాం. నా వెనకే వచ్చాడు.

నెత్తి మీద అవ్వ కూర్చున్న బండ ఉంది. అవతల దిగుడు లేదు. ఒక్క మలుపు మిగిలింది, ఆపైన అంతా నీళ్లే. తుమ్మచెట్టు ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. గాలికి నీళ్లు చిన్నగా రోడ్డును కొడుతున్నాయి.

మేకలు ఉన్నాయి. నల్లటి ఒంటికి తెల్లటి చెవులది కూడా ఉంది. కాస్తున్నది మాత్రం ఒక నడివయసు మనిషి, ఎవరో.

"గీడ మేకలు కాస్తుండె ఒక అవ్వ" అన్నాడు తమ్ముడు.

ఆయన మమ్మల్ని, సైకిళ్లను, కవర్లోని చీరను చూశాడు.

"పోయింది" అన్నాడు.

ఇంకేదో చెబుతాడని నిలబడ్డాం. చెప్పలేదు. చెయ్యి ఎటూ చూపించలేదు. తెల్లచెవుల మేక కంపలోకి దూరుతుంటే అదిలించుకుంటూ అటు నడిచాడు. ఇళ్లు పోయినవాళ్లందరికీ పెద్ద రోడ్డు పక్కన ఎక్కడో జాగా ఇచ్చారని విన్నాను. అక్కడికి పోయిందో. బిడ్డ దగ్గరికి పోయిందో. లేక ఇంకోలా పోయిందో. ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. నోరు తెరిచాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. ముళ్లు దిగిన ఆ అరచెయ్యి ఇంకా గరుకుగా ఉంది.

"అడగకన్నా" అన్నాడు.

అడగలేదు. తిరిగొచ్చే దిగుట్లో నేను ముందున్నాను. వెనక నుంచి వాడు మలుపు మలుపుకీ గంట కొడుతూ వచ్చాడు, తానున్నానని నాకు తెలియడానికి.

ఇంటికి చేరేసరికి మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది. నా హ్యాండిల్‌కు చీర అలాగే ఉండడం చూసింది. "ఇయ్యలేదా?" అంది.

తమ్ముడు వంగి చెప్పులు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, "అవ్వ ఊర్ల లేదు. మళ్లొకసారి పోయొస్తం" అన్నాడు.

ఊరే లేదని ఆమెకూ తెలుసు. కవరు విప్పి, చీర మడత చూసుకుని, లోపలికి తీసుకెళ్లి బీరువాలో పెట్టింది.